మోడర్న్ ఫార్మాట్‌లో మెర్‌ఫోక్ డెక్‌తో పోటీకి దిగడం ఎలా: సమగ్ర మార్గదర్శి

మెర్‌ఫోక్ డెక్ కట్టుకున్నాం, స్నేహితుల మీద బాగానే గెలుస్తున్నాం, టోర్నమెంట్‌కి వెళ్తే మాత్రం చేతిలో మంచి కార్డులు ఉండగానే ఓడిపోతున్నాం, ఎక్కడ తేడా కొడుతోంది? మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల ఆట ఆడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు తేడా కార్డుల్లో ఉండదు, వాటిని వేసే వరసలో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు వరసకే ఇచ్చాను.

ఆట ప్రాథమిక నియమాలు మీకు వచ్చనుకుని రాస్తున్నాను. టర్న్‌లో దశలు, స్టాక్, బ్లాకింగ్ గురించి తెలిసి ఉంటే చాలు.

## 1. డెక్ పని ఏమిటో ముందు తేల్చుకోండి

మెర్‌ఫోక్ (జలమానవుల తెగ) నీలిరంగు క్రీచర్ డెక్. విడిగా చూస్తే ప్రతి క్రీచరూ చిన్నదే. ‘లార్డ్’లు అని పిలిచే కొన్ని కార్డులు మిగతా మెర్‌ఫోక్‌లన్నిటికీ +1/+1 ఇస్తాయి. మూడు లార్డ్‌లు నిలబడితే ఒక్కో మెర్‌ఫోక్ నాలుగైదు డ్యామేజ్ కొడుతుంది.

రెండో పని ప్రత్యర్థి ల్యాండ్లను ఐలాండ్లుగా మార్చడం. దీనితో రెండు లాభాలు. వాళ్లకు కావలసిన రంగు మానా అందదు. మన క్రీచర్లకు ఐలాండ్‌వాక్ ఉంటే వాటిని బ్లాక్ చెయ్యడం కుదరదు.

నాలుగో టర్న్‌కో ఐదో టర్న్‌కో 20 లైఫ్ తీసెయ్యాలి. ఈలోపు వాళ్ల ఆటను ఒకటి రెండు టర్న్‌లు వెనక్కి నెట్టాలి. చేతిలో ఉన్న ఏ కార్డైనా ఈ రెంటిలో ఏ పనికి వస్తుందో చెప్పలేకపోతే దానికి డెక్‌లో చోటు లేదు.

## 2. 60 కార్డులు

మొదలుపెట్టడానికి నేను సూచించే జాబితా ఇది:

- ఈథర్ వయల్: 4
- లార్డ్ ఆఫ్ అట్లాంటిస్: 4
- మాస్టర్ ఆఫ్ ద పెర్ల్ ట్రైడెంట్: 4
- వొడేలియన్ హెక్స్‌క్యాచర్: 4
- సిల్వర్‌గిల్ అడెప్ట్: 4
- టైడ్ షేపర్: 4
- స్వ్యెలున్ ఆఫ్ సీ అండ్ స్కై: 3
- హార్బింజర్ ఆఫ్ ద సీస్: 3
- మెర్‌ఫోక్ ట్రిక్‌స్టర్: 2
- స్ప్రెడింగ్ సీస్: 4
- ఫోర్స్ ఆఫ్ నెగేషన్: 2
- సట్ల్‌టీ: 2
- ఐలాండ్: 12
- కావెర్న్ ఆఫ్ సోల్స్: 4
- మ్యూటావాల్ట్: 3
- ఒటవారా, సోరింగ్ సిటీ: 1

ఇందులో 28 మెర్‌ఫోక్‌లు ఉన్నాయి. మీ ఇష్టాన్ని బట్టి కార్డులు మార్చుకోవచ్చు, కానీ ఈ సంఖ్య 24 కంటే తగ్గనివ్వకండి. మెర్‌ఫోక్‌లు తగ్గితే లార్డ్‌లకు బలపరచడానికి ఎవరూ ఉండరు. సిల్వర్‌గిల్ అడెప్ట్ వేసేటప్పుడు చేతిలోంచి ఇంకో మెర్‌ఫోక్ చూపించాలి. చూపించలేకపోతే అదనంగా మూడు మానా కట్టాలి, అంటే రెండు మానా కార్డు ఐదు మానా కార్డవుతుంది.

కావెర్న్ ఆఫ్ సోల్స్ ఖరీదైన కార్డు. అది లేదని టోర్నమెంట్ వాయిదా వేసుకోనక్కర్లేదు. ఆ నాలుగూ ఐలాండ్లుగా పెట్టండి. కౌంటర్‌స్పెల్స్ ఆడేవాళ్ల మీద కొంత ఇబ్బంది పడతారు తప్ప డెక్ మామూలుగానే నడుస్తుంది. డబ్బు ముందు లార్డ్‌ల మీద, తర్వాత వయల్ మీద, చివరగా కావెర్న్ మీద పెట్టండి.

నిషేధిత కార్డుల జాబితా మధ్యమధ్యలో మారుతుంది. టోర్నమెంట్‌కి పేరిచ్చే ముందు విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అధికారిక జాబితాను ఒకసారి చూసుకోండి.

## 3. ల్యాండ్ల లెక్క

20 ల్యాండ్లతో మొదటి ఏడు కార్డుల్లో రెండు నుంచి నాలుగు ల్యాండ్లు వచ్చే అవకాశం దాదాపు 72 శాతం. వయల్ ఒకసారి దిగాక క్రీచర్లకు మానా అక్కర్లేదు కాబట్టి ఇంతకంటే ఎక్కువ ల్యాండ్లు పెట్టడం దండగ.

లార్డ్ ఆఫ్ అట్లాంటిస్, మాస్టర్, ట్రిక్‌స్టర్ మూడింటికీ రెండు నీలి మానా కావాలి. మ్యూటావాల్ట్ రంగులేని మానా ఇస్తుంది. అందుకే మూడుతో ఆపాను. నాలుగోది పెడితే రెండో టర్న్‌లో లార్డ్ దిగని ఆటలు పెరుగుతాయి.

కావెర్న్ ఇచ్చే నీలి మానా మీరు ఎంచుకున్న తెగ క్రీచర్లకే పనికొస్తుంది, దానితో వేసిన క్రీచర్‌ని రద్దు చెయ్యలేరు. ఫోర్స్ ఆఫ్ నెగేషన్‌కి, స్ప్రెడింగ్ సీస్‌కి అది రంగులేని మానానే. చేతిలో ఐలాండ్, కావెర్న్ రెండూ ఉంటే ఏది ముందు వెయ్యాలో తర్వాతి టర్న్ ఆట చూసుకుని నిర్ణయించుకోండి.

## 4. మొదటి ఏడు కార్డులు ఉంచాలా, వద్దా?

ఈ డెక్‌కి రెండో టర్న్‌లో ఏదో ఒకటి చెయ్యగలిగే చెయ్యి కావాలి. అలాంటివి నాలుగు చూద్దాం.

ఐలాండ్, కావెర్న్, వయల్, లార్డ్, అడెప్ట్, హెక్స్‌క్యాచర్, స్ప్రెడింగ్ సీస్. కళ్లు మూసుకుని ఉంచండి.

ఐలాండ్, మ్యూటావాల్ట్, ఇద్దరు లార్డ్‌లు, హెక్స్‌క్యాచర్, ట్రిక్‌స్టర్, స్వ్యెలున్. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఇంకో నీలి ల్యాండ్ రాకపోతే చాలా కార్డులు దిగవు. మీరు ముందు ఆడుతుంటే వదిలెయ్యండి. రెండోవారైతే ఆలోచించవచ్చు.

ఒక్క ల్యాండ్, వయల్, అన్నీ రెండు మానా క్రీచర్లు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ముందు ఆడేవారికి రెండో టర్న్‌కి రెండో ల్యాండ్ దొరికే అవకాశం 36 శాతం, రెండోవారికి 59 శాతం. పైగా వయల్‌ని వాళ్లు పగలగొట్టారంటే ఆట అక్కడితో సరి. ముందు ఆడుతుంటే మలిగన్ చెయ్యండి, అంటే ఆ చేతిని వదిలేసి కొత్త చెయ్యి తీసుకోండి.

ఐదు ల్యాండ్లు, స్వ్యెలున్, హార్బింజర్. మొదటి గేమ్‌లో వద్దు. రెండో గేమ్‌లో, వాళ్లవి దాదాపు అన్నీ నాన్‌బేసిక్ ల్యాండ్లని తెలిస్తే ఉంచవచ్చు.

మొదటి ఏడు కార్డుల్లో వయల్ వచ్చే అవకాశం 40 శాతమే. వయల్ కోసం మంచి చేతిని పారెయ్యకండి.

## 5. ఈథర్ వయల్: ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు ఆపాలి

వయల్‌కి ఒక్క మానా ఖర్చు. మీ ప్రతి అప్‌కీప్‌లోనూ దాని మీద ఒక చార్జ్ కౌంటర్ పెట్టవచ్చు. వయల్‌ని ట్యాప్ చేస్తే, ఎన్ని కౌంటర్లున్నాయో సరిగ్గా అంత మానా విలువున్న క్రీచర్‌ని చేతిలోంచి నేరుగా బల్ల మీద పెట్టవచ్చు. పాటించాల్సినవి ఇవి:

రెండు దగ్గర ఆపండి. డెక్‌లో ఎక్కువ క్రీచర్లు రెండు మానావే. స్వ్యెలునో హార్బింజరో చేతిలో ఉండి, రెండు మానా క్రీచర్లు అయిపోయినప్పుడే మూడుకి వెళ్లండి. కౌంటర్ పెట్టడం మీ ఇష్టం. అలవాటుగా మూడుకి పెంచేసి, తర్వాత చేతిలో ముగ్గురు లార్డ్‌లతో కూర్చోవాల్సిన అవసరం లేదు.

వాళ్ల టర్న్ చివర్లో వాడండి. ప్రత్యర్థి ఎండ్ స్టెప్‌లో క్రీచర్‌ని దించితే మీ టర్న్‌లో అది వెంటనే అటాక్ చేస్తుంది. మీ టర్న్ మొదట్లో వయల్ మళ్లీ అన్‌ట్యాప్ అవుతుంది కాబట్టి ఇంకొకటి దించవచ్చు. టర్న్‌కి ఒకసారి చొప్పున వయల్ పని చెయ్యాలి. ఏమీ దించకుండా అన్‌ట్యాప్ చేస్తున్నారంటే అందుకు కారణం మీకు తెలిసి ఉండాలి.

వాళ్లు కౌంటర్‌స్పెల్ పట్టుకుని కూర్చుంటే వయల్‌తోనే దించండి. వయల్ నుంచి వచ్చే క్రీచర్‌ని కాస్ట్ చేసినట్టు కాదు, కాబట్టి రద్దు చెయ్యడానికి అక్కడ స్పెల్ ఉండదు. పైగా వయల్ ఎబిలిటీ పూర్తయ్యేదాకా ఏది దిగుతుందో వాళ్లకు తెలియదు.

అడెప్ట్ వయల్‌కి బాగా సరిపోతుంది, టైడ్ షేపర్ అంతగా సరిపోదు. అడెప్ట్‌ని వయల్‌తో దించితే చేతిలో మెర్‌ఫోక్ చూపించనక్కర్లేదు, కార్డు మాత్రం వస్తుంది. టైడ్ షేపర్ ల్యాండ్‌ని ఐలాండ్‌గా మార్చాలంటే కిక్కర్ (కాస్ట్ చేసేటప్పుడు అదనంగా కట్టే మానా) కట్టాలి. కాస్ట్ చెయ్యకుండా కిక్కర్ కట్టడం కుదరదు. వయల్‌తో దించితే వట్టి క్రీచర్ మాత్రమే వస్తుంది.

అప్‌కీప్‌లో తొందరపడకండి. వయల్ మీద ఒక కౌంటర్ ఉండగా, అప్‌కీప్ ట్రిగ్గర్ స్టాక్ మీద ఉన్నప్పుడు ట్యాప్ చేసి టైడ్ షేపర్‌ని దించవచ్చు. ఆ తర్వాత కౌంటర్ రెండవుతుంది. చక్కటి ఎత్తే, కాకపోతే ఆ టర్న్ మొత్తం వయల్ ట్యాప్ అయ్యే ఉంటుంది. లార్డ్‌ని దించాల్సిన టర్న్ అయితే ఇలా చెయ్యకండి.

## 6. ఐలాండ్‌వాక్‌ని సరిగ్గా వాడుకోవడం

ప్రత్యర్థి దగ్గర ఐలాండ్ ఉంటే ఐలాండ్‌వాక్ ఉన్న క్రీచర్‌ని బ్లాక్ చెయ్యలేరు. ఐలాండ్ అనే పేరే ఉండనక్కర్లేదు. స్టీమ్ వెంట్స్, హాలోడ్ ఫౌంటెన్ లాంటి ల్యాండ్లకు ఐలాండ్ రకం ఉంటుంది, అవీ లెక్కే. వాళ్లే నీలి డెక్ ఆడుతుంటే మీ స్ప్రెడింగ్ సీస్‌ని దాచుకోవచ్చు.

ఐలాండ్‌వాక్ ఇచ్చేవి లార్డ్ ఆఫ్ అట్లాంటిస్, మాస్టర్ ఆఫ్ ద పెర్ల్ ట్రైడెంట్ మాత్రమే. హెక్స్‌క్యాచర్ +1/+1 ఇస్తుంది కానీ ఐలాండ్‌వాక్ ఇవ్వదు. ఈ రెండు లార్డ్‌లూ ‘మిగతా’ మెర్‌ఫోక్‌లకే ఇస్తాయి, తమకు ఇచ్చుకోవు. ఒక్క లార్డే ఉంటే ఆ లార్డ్‌ని వాళ్లు హాయిగా బ్లాక్ చేస్తారు. ఇద్దరుంటే ఒకరికొకరు ఇచ్చుకుంటారు.

ఇక సమయం. బ్లాకర్లను ప్రకటించేటప్పటికి ఐలాండ్‌వాక్ ఉండాలి. బ్లాక్ అయ్యాక లార్డ్‌ని దించితే బలం పెరుగుతుంది కానీ బ్లాక్ రద్దవదు. వయల్‌తో లార్డ్‌ని దించేటప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి:

- వాళ్ల దగ్గర ఐలాండ్ ఉండి, లైఫ్ తీసెయ్యడమే మీ లక్ష్యమైతే: అటాక్ ప్రకటించాక, బ్లాక్‌కి ముందు దించండి.
- వాళ్ల దగ్గర ఐలాండ్ లేకపోతే, లేదా వాళ్ల బ్లాకర్‌ని చంపాలనుకుంటే: బ్లాక్ అయ్యాక దించండి.

స్ప్రెడింగ్ సీస్‌ని ట్యాప్ కాని ఫెచ్ ల్యాండ్ (శాక్రిఫైస్ చేసి డెక్‌లోంచి ఇంకో ల్యాండ్ తెచ్చుకునేది) మీద వెయ్యకండి. వాళ్లు వెంటనే ఆ ల్యాండ్‌ని శాక్రిఫైస్ చేస్తారు. అప్పుడు సీస్‌కి టార్గెట్ ఉండదు, దానితో రావాల్సిన కార్డు కూడా రాదు. రెండు రంగుల డెక్ అయితే తక్కువ మానా దొరుకుతున్న రంగు ల్యాండ్‌ని పట్టుకోండి. ట్రాన్ డెక్ అయితే ఉర్జా ల్యాండ్లు మూడింటిలో ఏ ఒక్కదాన్ని మార్చినా చాలు, ఆ మూడూ కలిస్తే వచ్చే అదనపు మానా ఆగిపోతుంది.

హార్బింజర్ ఒక్కటే అన్ని నాన్‌బేసిక్ ల్యాండ్లనూ ఐలాండ్లు చేస్తుంది. మీవి కూడా. హార్బింజర్ ఉన్నంతసేపూ మీ మ్యూటావాల్ట్ క్రీచర్‌గా మారదు, కావెర్న్ వట్టి ఐలాండ్ అవుతుంది. మ్యూటావాల్ట్ అటాక్ మీద ఆధారపడిన ఆటలో హార్బింజర్‌ని చేతిలోనే ఉంచుకోవడం మంచిది. ఒటవారాని చేతిలోంచి పారేసి వాడే ఎబిలిటీకి మాత్రం ఏ అడ్డూ ఉండదు.

## 7. వరస: ఏది ముందు, ఏది తర్వాత

అడ్డే లేకపోతే ఈ డెక్ ఎంత వేగంగా వెళ్తుందో ముందు చూడండి. మీరే ముందు ఆడుతున్నారు, ప్రత్యర్థి దగ్గర కనీసం ఒక నాన్‌బేసిక్ ల్యాండ్ ఉంది అనుకుందాం.

1. మొదటి టర్న్: ల్యాండ్, వయల్.
2. రెండో టర్న్: వయల్ ఒకటికి. వయల్‌తో టైడ్ షేపర్, రెండు మానాతో లార్డ్ ఆఫ్ అట్లాంటిస్.
3. మూడో టర్న్: వయల్ రెండుకి. మూడు మానాతో హార్బింజర్, వయల్‌తో మాస్టర్. అటాక్: టైడ్ షేపర్ 4, లార్డ్ 3. మొత్తం 7. వాళ్ల ల్యాండ్ ఐలాండ్ అయింది కాబట్టి రెంటినీ బ్లాక్ చెయ్యలేరు.
4. నాలుగో టర్న్: వయల్‌తో హెక్స్‌క్యాచర్. అటాక్: టైడ్ షేపర్ 5, లార్డ్ 4, మాస్టర్ 4, హార్బింజర్ 5. మొత్తం 18.

7, 18 కలిపితే 25. అంటే 20 లైఫ్ పోయినట్టే. ఈ లెక్క చేతివేళ్ల మీద ఉండేదాకా ఇంట్లో ఒంటరిగా ఆడి చూడండి. టేబుల్ దగ్గర ‘ఇంకో లార్డ్ వస్తే ఎంత?’ అని ఆలోచిస్తూ కూర్చుంటే సమయం అయిపోతుంది.

నిజమైన మ్యాచ్‌లో ఎవరూ ఊరికే చూస్తూ కూర్చోరు. అక్కడ వచ్చే నిర్ణయాలు ఇవి.

రెండో టర్న్‌లో అడెప్టా, లార్డా? బల్ల మీద అటాక్ చెయ్యగల క్రీచర్ ఏదీ లేకపోతే అడెప్టే. కార్డు వస్తుంది, వాళ్లు దాన్ని చంపినా మీకు నష్టం లేదు. అప్పటికే టైడ్ షేపర్ ఉండి, వాళ్ల ల్యాండ్లు ట్యాప్ అయి ఉంటే లార్డ్ వెయ్యండి.

మొదటి టర్న్‌లో టైడ్ షేపర్‌ని ఒక్క మానాకే వెయ్యాలా? వేగంగా అటాక్ చేసే డెక్ మీద వేసెయ్యండి. ట్రాన్ లాంటి పెద్ద మానా డెక్ మీద ఆగి, కిక్కర్‌తో వెయ్యండి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ ల్యాండ్ ఐలాండ్‌గా ఉండేది టైడ్ షేపర్ బతికున్నంతసేపే.

లార్డ్‌ని ఎవరి తర్వాత వెయ్యాలి? వాళ్ల దగ్గర క్రీచర్లను చంపే కార్డులు ఉన్నాయనిపిస్తే మొదటి లార్డ్ చచ్చిపోతుందనే అనుకోండి. పోయినా మీకు తక్కువ నష్టమయ్యేదాన్ని ముందు వెయ్యండి. రెండో లార్డ్‌ని వయల్‌తో, వాళ్లు మొదటి లార్డ్ మీద లైట్నింగ్ బోల్ట్ వేసినప్పుడు దించవచ్చు. కానీ లెక్క చూసుకోండి. బల్ల మీద ఉన్నది ఒక్కటే 2/2 అయితే కొత్త లార్డ్ వల్ల 3/3 అవుతుంది, బోల్ట్ మూడు డ్యామేజ్ కొడుతుంది, అయినా చస్తుంది. ముందే 3/3 అయి ఉంటే 4/4 అయి బతుకుతుంది.

స్వ్యెలున్ ఎప్పుడు? ఇంకో ఇద్దరు మెర్‌ఫోక్‌లు ఉన్నప్పుడు. అప్పుడది ఇన్‌డిస్ట్రక్టిబుల్ అవుతుంది. అటాక్ చేసిన ప్రతిసారీ ఎలాగూ ఒక కార్డు ఇస్తుంది. మిగతావాటి మీద గురిపెట్టే ప్రతి స్పెల్‌కీ వాళ్లు ఒక మానా ఎక్కువ కట్టాలి. ఖాళీ బల్ల మీద వేస్తే ఇది ఇన్‌డిస్ట్రక్టిబుల్ కాని 3/4 క్రీచర్.

## 8. హెక్స్‌క్యాచర్, ట్రిక్‌స్టర్: రెండు ఫ్లాష్ కార్డులు

ఫ్లాష్ ఉన్న కార్డుని ప్రత్యర్థి టర్న్‌లో కూడా వెయ్యవచ్చు. హెక్స్‌క్యాచర్‌తో ఏ మెర్‌ఫోక్‌నైనా శాక్రిఫైస్ చేసి, క్రీచర్ కాని స్పెల్‌ని రద్దు చెయ్యవచ్చు, వాళ్లు ఒక మానా కడితే తప్ప. ఇది ఎన్నిసార్లైనా చెయ్యవచ్చు. వాళ్ల దగ్గర రెండు మానా మిగిలి ఉంటే మూడుసార్లు శాక్రిఫైస్ చెయ్యాలి. ముగ్గురు మెర్‌ఫోక్‌లను వదులుకుని ఆ స్పెల్‌ని ఆపడం లాభమా కాదా అనేది ముందే తేల్చుకోండి. అందరినీ తుడిచిపెట్టే స్పెల్‌కి తరచుగా లాభమే. ఒక్క క్రీచర్‌ని చంపే స్పెల్‌కి దాదాపు ఎప్పుడూ కాదు.

హెక్స్‌క్యాచర్ బల్ల మీద ఉంటే చాలు, వాళ్లు ఒక మానా మిగుల్చుకుని ఆడాల్సి వస్తుంది. దాన్ని వాడకుండానే మీరు వాళ్లను ఒక టర్న్ వెనక్కి నెట్టినట్టు.

ట్రిక్‌స్టర్ ప్రత్యర్థి క్రీచర్‌ని ట్యాప్ చేసి, ఆ టర్న్ ముగిసేదాకా దాని ఎబిలిటీలన్నీ తీసేస్తుంది. వాళ్ల అటాక్‌ని ఆపాలంటే కంబాట్ మొదట్లో, అటాక్ ప్రకటించక ముందే దించాలి. ప్రకటించాక దించితే అటాకర్ ట్యాప్ అయినా అటాక్ ఆగదు. అప్పటికే స్టాక్ మీదికి వెళ్లిన ఎబిలిటీని కూడా ట్రిక్‌స్టర్ ఆపలేదు.

## 9. ఎదుటి డెక్‌ని బట్టి ఆట మార్చుకోవడం

కంట్రోల్ డెక్. బల్ల మీద మూడు క్రీచర్లు చాలు, మిగతావి చేతిలో ఉంచుకోండి. సుప్రీమ్ వర్డిక్ట్‌ని రద్దు చెయ్యలేరు, కాబట్టి హెక్స్‌క్యాచర్‌ని నమ్ముకోకండి. స్వ్యెలున్, ఇంకో ఇద్దరు మెర్‌ఫోక్‌లు ఉంటే వర్డిక్ట్ తర్వాత స్వ్యెలున్ మిగులుతుంది, ఎందుకంటే అన్నీ ఒకేసారి నాశనమవుతాయి, ఆ క్షణానికి అది ఇన్‌డిస్ట్రక్టిబులే. మ్యూటావాల్ట్ కూడా మిగులుతుంది. వర్డిక్ట్ వేసిన టర్న్ చివర్లోనే వయల్‌తో లార్డ్‌ని దించి, మీ టర్న్‌లో అటాక్ చెయ్యండి. వ్రాత్ ఆఫ్ ద స్కైస్ మాత్రం వయల్‌ని కూడా నాశనం చెయ్యగలదు. తెల్ల డెక్‌ల మీద ఒక్క వయల్ మీదే భారం వెయ్యకండి.

వేగంగా అటాక్ చేసే ఎర్ర డెక్. ఇక్కడ మీరే కాసేపు కంట్రోల్ ఆడాలి. ముందు బ్లాక్ చెయ్యండి, లైఫ్ కాపాడుకోండి, ఇద్దరు లార్డ్‌లు నిలబడ్డాక తిరగబడండి. స్వ్యెలున్ నాలుగు టఫ్‌నెస్ చాలా పనికొస్తుంది. యాంగర్ ఆఫ్ ద గాడ్స్ కొట్టే మూడు డ్యామేజ్‌ని అది తట్టుకుంటుంది.

పెద్ద మానా, కాంబో డెక్‌లు. మెర్‌ఫోక్ ఆడాలనిపించేది ఈ మ్యాచ్‌ల కోసమే. సీస్, కిక్కర్‌తో టైడ్ షేపర్, హార్బింజర్, ఈ మూడింటిలో ఒకటైనా ఉన్న చేతిని వెతుక్కోండి. వయల్ మూడు దగ్గర ఉంటే హార్బింజర్‌ని వాళ్ల అప్‌కీప్‌లో దించవచ్చు. వాళ్లు ఆ టర్న్ మానా ప్లాన్ మొత్తం మార్చుకోవాలి. ఫోర్స్ ఆఫ్ నెగేషన్ ఉచితంగా వాడగలిగేది వాళ్ల టర్న్‌లోనే. మీ టర్న్‌లో అయితే మూడు మానా కట్టాలి.

ఎదురుగా కూడా మెర్‌ఫోక్. లార్డ్ ఆఫ్ అట్లాంటిస్ బల్ల మీదున్న అన్ని మెర్‌ఫోక్‌లకూ బలం ఇస్తుంది, ప్రత్యర్థివాటికి కూడా. మాస్టర్ మీవాటికి మాత్రమే. ముందు మాస్టర్‌ని వెయ్యండి. లార్డ్‌ని ఆఖరి దెబ్బ కొట్టే టర్న్‌లోనే దించండి.

## 10. సైడ్‌బోర్డ్

15 కార్డులు ఇలా పెట్టుకోవచ్చు:

- కన్‌సైన్ టు మెమరీ: 3 (రంగులేని స్పెల్స్‌కి, ట్రిగ్గర్లకి)
- డిస్‌మెంబర్: 3 (ఒక మానా, నాలుగు లైఫ్‌తో క్రీచర్‌కి -5/-5)
- సోల్-గైడ్ లాంటర్న్: 3 (గ్రేవ్‌యార్డ్ డెక్‌లకి)
- హర్కిల్స్ రీకాల్: 2 (ఆర్టిఫాక్ట్ డెక్‌లకి)
- ఎకోయింగ్ ట్రూత్: 2 (ఒకే పేరున్న టోకెన్ల గుంపుకి)
- ఫోర్స్ ఆఫ్ నెగేషన్: 2

ఎన్ని కార్డులు మార్చాలన్నదే అసలు సమస్య. ఆరేడు కార్డులు లోపలికి తెస్తే మెర్‌ఫోక్‌లు పలచబడతాయి, డెక్ అన్నీ తెలిసి ఏదీ చెయ్యలేని స్థితికి వస్తుంది. నాలుగైదుతో ఆపండి. లార్డ్‌లను ఎప్పుడూ తియ్యకండి.

తియ్యదగినవి: బేసిక్ ల్యాండ్లే ఎక్కువున్నవాళ్ల మీద, నీలి డెక్‌ల మీద స్ప్రెడింగ్ సీస్. క్రీచర్ డెక్‌ల మీద ఫోర్స్ ఆఫ్ నెగేషన్. స్పెల్స్ మీదే ఆధారపడే డెక్‌ల మీద ట్రిక్‌స్టర్. ఆర్టిఫాక్ట్‌లను పగలగొట్టే కార్డులు తెస్తున్నారని తెలిస్తే ఒకటి రెండు వయల్‌లు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

వయల్ ట్రిగ్గర్ మర్చిపోవడం. పోటీ ఆటలో మీ ట్రిగ్గర్ గుర్తుపెట్టుకోవాల్సింది మీరే. డెక్ పైన ఒక డైస్ పెట్టుకోండి. కార్డు తియ్యాలంటే ముందు దాన్ని జరపాలి, అప్పుడు వయల్ గుర్తొస్తుంది.

ఉన్నవన్నీ వేసెయ్యడం. నాలుగో క్రీచర్ వల్ల ఆట ఒక టర్న్ ముందు ముగుస్తుందా? ముగియకపోతే అది చేతిలోనే ఉండనివ్వండి.

ఫోర్స్‌కీ సట్ల్‌టీకీ తొందరపడి లార్డ్‌ని పణంగా పెట్టడం. ఈ రెంటినీ ఉచితంగా వాడాలంటే చేతిలోంచి ఇంకో నీలి కార్డుని ఎక్సైల్ చెయ్యాలి. ఆ టర్న్‌కి అక్కర్లేని కార్డు ఏదో ముందే అనుకుని ఉంచుకోండి.

చివరి మెర్‌ఫోక్‌ని వేసేశాక అడెప్ట్ గుర్తుకు రావడం. చూపించడానికి చేతిలో ఇంకొకటి ఉండగానే అడెప్ట్‌ని వెయ్యండి.

హార్బింజర్ తర్వాత కావెర్న్‌ని నమ్ముకోవడం. కౌంటర్‌స్పెల్ భయం ఉంటే ముఖ్యమైన క్రీచర్‌ని కావెర్న్‌తో ముందు వేసి, హార్బింజర్‌ని తర్వాత వెయ్యండి.

## 12. సాధన, టోర్నమెంట్ రోజు

హైదరాబాద్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా సాధనకి తోడు దొరకడమే కష్టం. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో మోడర్న్ ఆడవచ్చు. అరీనాలో మోడర్న్ లేదు. స్నేహితుల మధ్య సాధనకి కాగితం మీద రాసుకున్న నకలు కార్డులు చాలు, అధికారిక టోర్నమెంట్‌లో మాత్రం అవి చెల్లవు.

సాధనలో ఒక పద్ధతి చెప్తాను. ఓడిన ప్రతి గేమ్ తర్వాత ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: ఏ టర్న్‌లో వేరే కార్డు ముందు వేసి ఉంటే ఆట మారేది? ‘ల్యాండ్లు రాలేదు’ అని రాసినా ఫర్వాలేదు, కానీ ముందు ఆ ఏడు కార్డులు ఉంచడం సరైనదేనా అని చూసుకుని రాయండి. కొన్నాళ్లకి మీరు ఎక్కడ పదేపదే తప్పుతున్నారో ఆ కాగితమే చెప్తుంది.

ముందు రోజు రాత్రి:

- డెక్‌లో 60, సైడ్‌బోర్డ్‌లో 15 లెక్కపెట్టారా?
- డెక్ జాబితాలో కార్డుల పేర్లు పూర్తిగా, ల్యాండ్లతో సహా రాశారా?
- స్లీవ్‌లన్నీ ఒకేలా ఉన్నాయా? మడత పడినవి మార్చారా?
- వయల్ కౌంటర్లకి డైస్‌లు, లైఫ్ రాసుకోవడానికి కాగితం, పెన్ను తీసుకున్నారా?
- ఏ డెక్ మీద ఏ కార్డులు తీసి ఏవి పెట్టాలో రాసుకున్నారా?

రౌండ్‌కి సాధారణంగా 50 నిమిషాలు, అందులోనే మూడు గేమ్‌లు. మొదటి గేమ్‌లో గెలిచే దారి కనబడకపోతే ఒప్పుకుని రెండో గేమ్‌కి వెళ్లండి. నియమం మీద ఏ కాస్త అనుమానం వచ్చినా చెయ్యెత్తి జడ్జిని పిలవండి. ఐలాండ్‌వాక్, హార్బింజర్, వయల్ మూడూ కలిసిన చోట అనుభవజ్ఞులకు కూడా అనుమానాలొస్తాయి.

రౌండ్ల మధ్య సైడ్‌బోర్డ్ కార్డులు వెనక్కి తీసి, 60 మళ్లీ లెక్కపెట్టండి. ఆ తర్వాతే నీళ్లు తాగడానికి లేవండి.